మావి మీద కన్నేసిన డాక్టరమ్మ

సిరిపుట్టు,
ముంచింగిపుట్టు మండలం,
సెప్టెంబరు.

ప్రియమైన ధర్మ బావకి,

నేను బాగున్నాను, లోపలున్నదీ బాగుంది. మీ అమ్మకే ఒంట్లో బాగులేదు. జ్వరం కాదు, డాక్టరమ్మ మీద కోపం.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. మన ఊళ్ళో సిగ్నలు అందేది ఆ ఒక్క బండ మీదేనని, బండ మీద ఎప్పుడూ పది మంది ఉంటారని నీకు తెలుసు. అక్కడ నిలబడి నా కడుపు సంగతి మాట్లాడితే నీకంటే ముందు ముంచింగిపుట్టు సంతకి తెలుస్తుంది. నువ్వేమో సీలేరు పవర్‌హౌస్‌లో, ఆ మోతలో సగం వినిపించుకోవు. కాగితమైతే రెండుసార్లు చదువుకుంటావు.

మూడో నెల నిండింది కదా, మన ఊరి ఆశా వర్కరు కనక పోరు పడలేక అరకులో సిస్టర్ల ఆసుపత్రికి స్కానింగుకి వెళ్ళాను. అత్త తోడొచ్చింది. తోడు అనడం మర్యాద, నిజానికి కాపలాకి వచ్చింది. డాక్టరు క్యాథరిన్ గారు పొట్ట మీద చల్లటి జిగురు రాసి, సబ్బుపెట్టె లాంటిది అటూ ఇటూ జరిపారు. తెర మీద బిడ్డ కనిపించింది. చిక్కుడుకాయంత ఉంది బావా. దానికి చేతులు కూడా వచ్చేశాయి. ఒక చెయ్యి నుదుటి మీద వేసుకుని పడుకుంది, అచ్చం నైట్ డ్యూటీ దిగొచ్చిన నువ్వే. నాకు ఏడుపొచ్చింది.

ఆడా మగా అని అడగొద్దు, చెప్పకూడదు అన్నారు డాక్టరు గారు అలవాటు కొద్దీ. అత్త వెంటనే, అది మేమడగలేదు, ఏదైతే అదే మాది అంది. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత ఆవిడ బిడ్డని వదిలి మావిని చూడడం మొదలుపెట్టారు. బిడ్డకి రక్తమూ తిండీ అందించే మావి ఎక్కడ అతుక్కుంది, ఎంత మందం, గర్భసంచి నోటికి ఎంత దూరం, అన్నీ తెర మీద గీతలు గీసి కొలిచారు. నర్సు రాసుకుంది. బిడ్డని చూసిందానికంటే మావిని చూసిందే ఎక్కువ. అత్త తెర చూడడం మానేసి డాక్టరు గారినే చూస్తూ కూర్చుంది.

మావి బాగా కిందగా, సంచి నోటి దగ్గరే ఉందట. ఈ నెలల్లో చాలామందికి అలాగే ఉంటుందట, సంచి పెరిగే కొద్దీ అదీ పైకి జరుగుతుందట. జరక్కుండా నోటికి అడ్డంగా ఉండిపోతే మాత్రం ఆపరేషను తప్పదు, ఇంట్లో పురుడు పోస్తే రక్తం ఆగదు అన్నారు. బరువులెత్తొద్దు, ఐదో నెలలో మళ్ళీ రండి, పురుడు ఆసుపత్రిలోనే అని మరీ మరీ చెప్పారు.

అత్త బస్సు దిగి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక అంది: "బిడ్డని సూపించమని ఎల్తే మావిని కొలిసినాదేటి? ఇంకా పుట్టనేదు, అప్పుడే దాని మీద కన్నేసినాది."

ఆవిడ లెక్క ఏమిటంటే, ఆసుపత్రిలో పురుడైతే మావిని పసుపు సంచిలో వేసి బండికెక్కించేస్తారు. అది ఆవిడ కళ్ళారా చూసింది. ఎక్కడికి, ఎందుకు అంటే ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు పుట్టకముందే కొలతలు తీసుకుంటున్నారంటే ఇంకా అనుమానం దేనికి? మావి ఎక్కడ పాతితే బిడ్డ మనసు అక్కడే ఉంటుందని మనవాళ్ళ మాట కదా. పిల్లని మనం ఇంటికి తెచ్చుకున్నా, దాని మనసు ఆ బండి వెనకే పోతుందట. కాబట్టి ఇక స్కానింగు లేదు, ఆసుపత్రి లేదు. పెరట్లో గొయ్యికి చోటు కూడా చూసేసింది.

నేను నవ్విస్తూ రాశానని నువ్వు నవ్వి ఊరుకోకు. నాకు భయంగా ఉంది. రక్తం ఆగదన్నప్పుడు డాక్టరు గారి మొహం చూశాను నేను. మీ అమ్మకి నువ్వే చెప్పాలి.

నీ రాత కోసం చూస్తుండే,
సోని


సీలేరు,
సెప్టెంబరు.

ప్రియమైన సోనికి,

మీ అమ్మకి నువ్వే చెప్పు అని ఎంత సులువుగా రాసేశావు! టర్బైను పక్కన నిలబడమను, నిలబడతాను. అమ్మ ముందు నిలబడి కాదు, కూడదు అనడం నా వల్ల కాదు. పెళ్ళికి ముందు నిన్ను చేసుకుంటానని చెప్పడానికే ఏడాది పట్టింది. అదీ నేను చెప్పలేదు, నువ్వే చెప్పావు.

డాక్టరు మాట మాత్రం నాకు బాగా అర్థమైంది. తూము నోటి దగ్గర దుంగ పడితే ఏమవుతుందో మాకు తెలుసు. మట్టం పెరిగితే దుంగ పైకి తేలుతుంది, తూము తెరుచుకుంటుంది. ఇదే మా షిఫ్టు వాళ్ళకి చెప్పాను, అదే నేను చేసిన తప్పు. ఇప్పుడు అందరూ నీ పొట్టని డ్యాము కింద కట్టేసి, ఇవాళ మట్టం ఎంత ధర్మా అని అడుగుతున్నారు. పగలు వాళ్ళతో నవ్వుతాను. డ్యూటీ దిగాక మాత్రం నిద్ర పట్టడం లేదు.

నీళ్ళ బిందె ముట్టుకోకు. కట్టెల జోలికి వెళ్ళకు. అమ్మ ఏమన్నా అంటే నేనన్నానని చెప్పు, దూరంగా ఉన్నాను కాబట్టి ఆ మాత్రం ధైర్యం ఉంది.

ఒక ఉపాయం తోచింది. కింద గీత గీస్తున్నాను. గీత పైదంతా నీకు, కిందది అమ్మకి చదివి వినిపించు. అందులో రాసింది నేను అల్లిన అబద్ధమే. మావిని మనకి ఇస్తారో ఇవ్వరో నువ్వే డాక్టరు గారిని మెల్లగా అడిగి చూడు.

భయంలో నీకు సగం తోడున్న,
ధర్మ
____________

అమ్మకి దండాలు. డాక్టరమ్మ మావిని కొలిచిందని కోపం తెచ్చుకున్నావట. కొలిచింది తీసుకుపోవడానికి కాదమ్మా, తిరిగి ఇవ్వడానికి. అప్పగించేటప్పుడు తక్కువ రాకుండా ముందే కొలిచి పెట్టుకుంటారు. మనం మధ్యలో స్కానింగు మానేశామంటే మనకే నష్టం, తర్వాత ఎంత ఇచ్చినా ఇంతే ఉండేది అంటారు. నువ్వు దగ్గరుండి చూసుకో. నీ కొడుకు ధర్మ.


సిరిపుట్టు,
నవంబరు.

ప్రియమైన అబద్ధాల బావకి,

నీ ఉపాయం పారింది, పారకూడనంత పారింది.

గీత కిందది చదివి వినిపించాను. అత్త తలాడించింది, కాసేపు ఆలోచించింది. ముప్పై ఏళ్ళుగా సంతలో పసుపూ అడ్డాకులూ అమ్ముతున్న మనిషి. కాటా పట్టుకున్నవాడు చెప్పిందే బరువు అన్న సంగతి ఆవిడకి ఒకరు నేర్పక్కర్లేదు. కొలత వాళ్ళదే, రాత వాళ్ళదే అయితే మనకి మిగిలేదేమిటి అంది. ఐదో నెల స్కానింగుకి అరకు బయల్దేరేటప్పుడు చూద్దును కదా, ఆవిడ సంచిలో మన ఇంటి తక్కెడ, రాళ్ళతో సహా.

స్కానింగు గదిలో ఆ తక్కెడ తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు గారు ఇదేమిటన్నారు. "ఇప్పుడెంతుందో సెప్పీ. ఇచ్చినప్పుడు నా తక్కెట్లో నానే తూసుకుంతాను," అంది అత్త. డాక్టరు గారు నా వైపు చూశారు. నేను పడుకున్న చోటి నుంచే కళ్ళతో దండం పెట్టాను. ఆవిడ మంచి మనిషి బావా. నవ్వకుండా, బరువు ఇప్పుడు తెలియదు, అది ఇంకా పెరుగుతుంది అన్నారు. అత్త ఊరుకుంటుందా, అయితే పెరిగిందంతా కూడా మాదే అంది. మీదేనమ్మా, పురుడయ్యాక కుండ తెచ్చుకోండి, నా చేత్తో ఇస్తాను అన్నారు డాక్టరు గారు, నర్సు ముందే. అలా నీ అబద్ధం నిజమైపోయింది. నీ అదృష్టం అలాంటిది.

మావి కొంచెం పైకి జరిగింది. అంచు ఇంకా నోటికి దగ్గరగానే ఉంది, ఎనిమిదో నెలలో మళ్ళీ చూస్తే గాని చెప్పలేమన్నారు. జరిగిందన్న మాట వినగానే అత్త లేచి నిలబడింది. ఎవరు కదిపారు, పోయినసారి వీళ్ళే ఏదో చేసి ఉంటారు అని మొదలుపెట్టింది. సంచి పెరిగితే దానంతటదే జరుగుతుందని డాక్టరు గారు బుడగ ఊది, దాని మీద చుక్క పెట్టి మరీ చూపించారు. ఆ బుడగ అడిగి తెచ్చుకుంది. సంతలో అందరికీ చూపించింది.

ఇంకో మాట. నువ్వు రాయకముందే నీళ్ళ బిందె నా చేతిలోంచి లాగేసుకుంది. ఊట దగ్గర్నుంచి రెండు పూటలా తనే మోస్తోంది, ఆ పైన కాఫీ పళ్ళు కోయడానికి వెళ్తోంది. నేను కోళ్ళ గంప ఎత్తినా అరుస్తుంది. నన్ను అంత చూసుకుంటూనే, పురుడు ఎక్కడంటే మాత్రం డాక్టరమ్మ ఇస్తానంది, ఇస్తుందో లేదో అంటుంది. పెరట్లో గొయ్యి తవ్వడం అయిపోయింది. అందులో ఇప్పటికి రెండు కోడిపిల్లలు పడ్డాయి. ఎనిమిదో నెలకి నేను రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.

నువ్వు పక్కనుంటే బాగుండునని రోజూ అనుకునే,
సోని


సీలేరు,
జనవరి.

ప్రియమైన సోనికి,

తక్కెడ సంగతి మా వాళ్ళకి చెప్పలేదు. నవ్వి నవ్వి ఎవడైనా మీట తప్పు నొక్కితే ఊళ్ళకి కరెంటు పోతుంది.

ఈసారి గీత లేదు. ఇదంతా నీకే, ఒక్క ముక్క కూడా అమ్మకి చదవొద్దు.

మా సూపర్‌వైజరు రవిబాబు గారు నిన్న పిలిచారు. కాలనీలో రెండు గదుల క్వార్టరు ఒకటి ఖాళీ అయిందట. పెళ్ళయినవాడివి, పిల్ల పుడుతోంది, కావాలంటే నీ పేరు రాస్తాను అన్నారు. కొళాయి ఉంది సోనీ. ఇంట్లోనే కొళాయి! కాలనీలోనే ఆసుపత్రి కూడా ఉంది. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి నువ్వూ బిడ్డా గుమ్మంలో ఉంటారు. ఇద్దరం మనుషులం ఇలా కాగితాల మీద కాపురం చేయక్కర్లేదు.

కానీ అమ్మకి ఎలా చెప్పేది? నాన్న పోయాక నన్ను చూసుకుని బతికింది. నేను ఇక్కడికొచ్చాక నిన్ను చూసుకుని బతుకుతోంది. ఇప్పుడు మిమ్మల్నిద్దరినీ కూడా తీసుకుపోతానని ఏ నోటితో చెప్పను? నువ్వు చెప్పగలవా? వద్దులే, పురుడయ్యాక చూద్దాం. స్కానింగులో ఏం చెప్పారో ముందు అది రాయి. లీవు అడిగాను, ఇంకా ఇవ్వలేదు.

క్వార్టరు కిటికీలోంచి రెండుసార్లు తొంగి చూసి వచ్చిన,
ధర్మ


సిరిపుట్టు,
ఫిబ్రవరి.

ప్రియమైన బావకి,

మంచి మాట ముందు. మావి పైకి వెళ్ళిపోయింది. నోటికి చాలా దూరంగా ఉంది, ఆపరేషను అక్కర్లేదు, మామూలుగానే పురుడు రావచ్చన్నారు. నేను ఆ బల్ల మీదే ఏడ్చాను. అత్త డాక్టరు గారి భుజం తట్టింది.

చెడ్డ మాట కూడా అదే. అడ్డం తొలిగిపోయింది కదా, ఇక ఆసుపత్రి ఎందుకు అంటోంది అత్త. మొదట్లో కిందగా ఉన్నవాళ్ళకి పురుడయ్యాక రక్తం ఎక్కువ పోవచ్చు, ఇంటి దగ్గర వద్దు అని డాక్టరు గారు చెప్తూనే ఉన్నారు. అత్త వింటూనే ఉంది. ఇంటికొచ్చి మంత్రసానికి కబురు పెట్టింది.

నేను మొదటిసారి ఆవిడ మీద గట్టిగా మాట్లాడాను. నేను చచ్చిపోయినా పర్వాలేదా, నీకు మావే ముఖ్యమా అన్నాను. అత్త పొయ్యి ముందు కూర్చుని ఉంది. కోప్పడలేదు. నీ పోయిన ఉత్తరంలో ఏముందో చెప్పమంది. ఏమీ లేదు, క్షేమం రాశాడు అన్నాను. క్షేమం చదివినప్పుడు నీ మొహం అలా వెలగదు అంది. గీత గీసి నువ్వు పంపినప్పుడు కూడా ఆవిడకి తెలుసట, నేను కాగితం మధ్యలోంచి మొదలుపెడుతున్నానని. నాకు చదువు రాదు గాని కాగితానికి పైనేదో కిందేదో తెలుసు అంది.

అప్పుడు క్వార్టరు సంగతి చెప్పేశాను. తప్పు నాదే, తిట్టుకో.

ఆవిడ పొయ్యిలోకి కట్టె ఎగదోసింది. తర్వాత చెప్పింది బావా, ఇది నువ్వు కూర్చుని చదువు. నువ్వు పుట్టింది సీలేరులోనే కదా, మీ అమ్మా నాన్నా కాలవ పనికి వెళ్ళినప్పుడు, రేకుల షెడ్డులో. నీ మావిని మీ నాన్న అక్కడే ఏటి ఒడ్డున పాతాడట. ఊరికి తెచ్చుకుందామని ఆవిడ ఏడ్చిందట, మేస్త్రీ పంపలేదట. "అది మొదలు నాకు తెలుసు. ఐటీఐ సదివినాడు, విశాపట్నంలో పనిచ్చినా పోనేదు, సీలేరే ఎల్లిపోనాడు. ఆడి తప్పు నేదు, ఆడి మావి పిలిసినాది. ఈ బిడ్డదైనా నా పెరట్లో ఉంటే, ఒక్కలైనా నా కాడుంతారనుకున్నాను," అంది.

వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఇప్పుడు ఆవిడ మీద కోపం లేదు, భయం మాత్రం అలాగే ఉంది. వచ్చే నెలలోనే పురుడు. ఏదో ఒకటి చెయ్యి.

నీ సోని


సీలేరు,
ఫిబ్రవరి.

ప్రియమైన అమ్మకి,

సోనీ, ఇది మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువు. ఏదీ వదలకు. నువ్వు ఎక్కడా ఆగకుండా చదివితే అమ్మ నమ్ముతుంది.

అమ్మా, నన్ను ఇక్కడికి మావి పిలిచిందో, కరెంటు పని మీద ఇష్టం తెచ్చిందో నాకు తెలియదు. నీ మాట కాదనను. అదే నిజమైతే, నీ మనవరాలో మనవడో నీ పెరట్లోకే రావాలి. క్వార్టరు వద్దని రవిబాబు గారికి చెప్పేశాను. మావి నీ చేతికే వస్తుంది, నువ్వు తవ్విన గోతిలోనే పెట్టు. నేను సెలవులకి వచ్చి చూసుకుంటాను, ఇన్నాళ్ళూ వచ్చినట్టే.

ఒక్కటే అడుగుతున్నాను. సోనిని ఆసుపత్రికి తీసుకెళ్ళు. గోతి పక్కన నిలబడడానికి బిడ్డకి అమ్మ ఉండాలి కదా.

నీ కొడుకు,
ధర్మ


సిస్టర్ల ఆసుపత్రి, అరకు,
మార్చి.

ప్రియమైన బావకి, ఇప్పుడు ఇంకొకరికి నాన్న కూడా అయినవాడికి,

ఆడపిల్ల పుట్టిందని నిన్న ఫోన్లో చెప్పాను. నువ్వు బయల్దేరతానంటే వద్దు, రెండు రోజులు అక్కడే ఉండు అన్నాను. ఎందుకని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. అత్త నా పక్కనే ఉంది, చెప్పొద్దని సైగ చేస్తోంది. ఇప్పుడు చెప్తున్నాను, ఎందుకంటే ఈ ఉత్తరం నీకు ఇస్తున్నది ఆవిడే.

నీ ఉత్తరం విన్న అత్త తెల్లారి కొత్త కుండ కొనుక్కొచ్చి పసుపు రాసింది. పురుడింకా పది రోజులుందనగానే అరకు వచ్చి ఆసుపత్రి వరండాలో మకాం పెట్టింది. నర్సులకి అంబలి కాచి పోసింది. మీ పసుపు సంచి ఎక్కడ పెడతారో చూపించండి అని స్టోరు గది కూడా చూసొచ్చింది. నేను లోపల నొప్పులు పడుతుంటే తలుపు దగ్గర కుండతో నిలబడే ఉందట.

పిల్ల బాగానే పుట్టింది, ఏడుపు బస్టాండు దాకా వినిపించి ఉంటుంది. ఆ తర్వాత బావా, డాక్టరు గారు చెప్పిందే అయింది. రక్తం ఆగలేదు. నాకు కళ్ళు మసకబారాయి, చెవుల్లో హోరు. ఇంజక్షన్లు ఇచ్చారు, పొట్ట నొక్కి పట్టుకున్నారు, రక్తం ఎక్కించారు. డాక్టరు గారు, ఇద్దరు నర్సులు చాలాసేపు తంటాలు పడితే గాని ఆగలేదు. తలుపు తెరిచి ఉంది, అత్త అంతా చూసింది. ఇప్పుడు బాగానే ఉన్నాను, గాబరా పడకు. నా చేత్తోనే రాస్తున్నాను చూడు, అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి, అంతే.

నాకు తెలివొచ్చేసరికి మంచం పక్కన అత్త ఉంది. డాక్టరు గారు అన్నమాట ప్రకారం మావిని కుండలో పెట్టి ఇచ్చారు. తూచావా అని అడిగాను, నవ్విద్దామని. ఆవిడ నా తల నిమిరింది. "మావి కోసం ఇంటికాడే ఉంచీసుంటే, దాంతోపాటు నిన్నూ పాతీవోల్లం," అంది. అని పమిటతో మొహం కప్పుకుంది. మీ అమ్మ ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు, మావయ్య పోయినప్పుడు కూడా.

ఆ రాత్రంతా పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నిన్న పొద్దున్నే పాడేరు బస్సు ఎప్పుడని నర్సుని అడిగింది. మన ఊరు అటు కాదు కదత్తా అన్నాను. నేను వెళ్ళేది సీలేరు అంది. తండ్రి మావి ఒక చోట, కూతురి మావి ఇంకో చోట ఉంటే ఇద్దరూ బతుకంతా బస్సుల్లోనే తిరగాలట. ఏటి ఒడ్డున నీది పాతిన చోటు ఆవిడకి గుర్తుందట. దాని పక్కనే పెడుతుందట. "ముగ్గురూ ఒక్క సోటుండండి. నీకు కొళాయున్నాదట కదా, బిందె మొయ్యక్కర్నేదు," అంది.

మరి నువ్వో అన్నాను. నా మావి ఈ కొండల్లోనే ఉంది, నేనెక్కడికి పోతాను అంది, అదేదో మామూలు మాటలాగ.

పిల్లకి పేరు పెట్టే పని కూడా మనకే వదిలేసింది. నేను ఇంకో వారం ఇక్కడే ఉండాలి, సిస్టర్లు చూసుకుంటున్నారు. రవిబాబు గారి దగ్గరికి ఇవాళే వెళ్ళు. క్వార్టరు ఇంకెవరికైనా ఇచ్చేసి ఉంటే కాళ్ళు పట్టుకో.

ఇంకొకటి. ఆవిడని మనతోనే ఉండమని అడగాలి. నేను అడిగితే కోడలు మర్యాదకి అడిగిందనుకుంటుంది. ఈసారి నేను చదివి వినిపించను బావా, నువ్వే నోరు తెరిచి అడుగు. ఒకసారి కాదంటుంది, రెండుసార్లు కాదంటుంది, కోళ్ళున్నాయంటుంది, కాఫీ తోట ఉందంటుంది. అడుగుతూనే ఉండు.

కానీ ముందు ఆవిడ చేతుల్లోంచి ఆ కుండ అందుకో. ఇంతదూరం ఒళ్ళోనే పెట్టుకుని వచ్చి ఉంటుంది, దారిలో ఎక్కడా కింద పెట్టి ఉండదు, అన్నం కూడా తిని ఉండదు.

నీ ఇద్దరిలో పెద్దది,
సోని